నేను జారిపడలేదు

ఆ అమ్మాయి ఎవరి కూతురో తెలిసే నా పుస్తకం ఆమెకి ఇచ్చాను. తెలియక ఇచ్చానని తర్వాత పోలీసులతో అన్నాను గానీ, అది అబద్ధం. వాళ్లతో చెప్పిన అబద్ధం అదొక్కటే.

నేపర్‌విల్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె మెసేజ్ పెట్టింది. పెద్దవాళ్లు తెలుగులో రాసుకున్నవి ఏవైనా ఉంటే తప్పులు దిద్ది ఈబుక్‌గా చేసి పెడతానని, ఉచితమేనని. కింద అవని అని పేరు, పక్కన ఇంటిపేరు. ఆ ఇంటిపేరు చదవగానే నా కుడిచెయ్యి దురద పెట్టింది. చచ్చిన చర్మానికి దురద ఉండదంటారు డాక్టర్లు. వాళ్లకేం, కాలింది వాళ్ల చెయ్యా?

ఆ చేతికి మూడు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. పెన్ను పట్టదు, టైపింగ్ రాదు. అందుకని పుస్తకం మొత్తం ఫోన్‌లోకి మాట్లాడి రాశాను. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్ లాండ్రీలో నా పని. బ్రేక్ ఇచ్చినప్పుడల్లా డ్రయ్యర్ల పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేవాణ్ణి. ఆ హోరులో ఫోన్ సగం తప్పులు రాసింది. దిద్దేవాళ్లు కావాలన్నది నిజమే. ఆ దిద్దేది అవనే కావాలన్నది నా పంతం.

పుస్తకంలో ఉన్నది మూడేళ్ల కథ. ఇల్లినాయ్‌లో ఒక రెస్టారెంటు వంటగదిలో నేను తిన్న దెబ్బలు. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, పరువునష్టం దావా వేస్తాడు అని లాయరు చెప్పాడు. అలాగేనన్నాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మనిషిని 'వాడు' అనే రాశాను. నాకూ అదే హాయిగా ఉంది.

అవనికి నేనెవరో తెలియదు. అప్పలరాజు అన్న పేరు వాళ్లింట్లో ఎవరూ పలికి ఉండరు. 'ఒరేయ్' అనేవాళ్లు, లేకపోతే 'వంటోడు'.

రెండు వారాలకి ఫోన్ చేసింది. "అంకుల్, అయిపోయింది! చాలా క్లీన్‌గా వచ్చింది. సండే లైబ్రరీలో మీట్ అవుదామా?"

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. చదువుకోవడానికి ఇచ్చే చిన్న గాజుగది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు. బయట పార్కింగ్‌లో మంచు తోసి గుట్టలు పోసి ఉంది. నేను కోటు విప్పాను గానీ గ్లౌజులు తీయలేదు.

"చలేస్తుందా అంకుల్? హీట్ పెంచమని అడగనా?"

"వద్దమ్మా. అలవాటు."

ఇరవై రెండేళ్లు ఉంటాయి. ముక్కు తండ్రిదే. ల్యాప్‌టాప్ పక్కన నీలంరంగు స్టీలు నీళ్ల సీసా, దాని మీద పిల్లి బొమ్మల స్టిక్కర్లు. సీసా ఎత్తి తాగి, బల్ల మీద దింపిన చప్పుడుని బట్టి దాని బరువు తెలిసింది. అప్పుడు ఆ బరువు గురించి నేనేమీ అనుకోలేదు.

తెర నా వైపు తిప్పింది. చదివాను.

'ఆయన నన్ను చెంబు మీద కొట్టారు. నేను కింద పడ్డాను. ఆయన బూటు కాలితో నా డబ్బాలో తన్నారు. లేవమన్నారు. లేవలేకపోతే మళ్లీ తన్నారు.'

ముందు నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఒళ్లు మండింది. వాడు నా చెంప మీద కొట్టాడు. డొక్కలో తన్నాడు. ఆ తన్నుకి రెండు పక్కటెముకలు విరిగి, మూడు వారాలు దగ్గు వస్తే గోడ పట్టుకుని ఏడ్చాను. ఇక్కడ చూస్తే ఎవరో పెద్దమనిషి చెంబునీ డబ్బానీ తంతున్నాడు. అదీ మర్యాదగా.

"ఎవరమ్మా ఇలా మార్చింది?"

"స్పెల్ చెక్ అంకుల్. రెడ్ లైన్ వచ్చినవన్నీ యాక్సెప్ట్ ఆల్ కొట్టా." మొహం చిన్నబోయింది. "తప్పు వచ్చిందా? ఐయామ్ సో సారీ. నేను మొత్తం చదవలేదు. నా తెలుగు రీడింగ్ స్లో."

"సరే, చెంబు మిషన్ మార్చింది. ఈ 'ఆయన'?"

"ఓ, అది నేనే!" అని సంబరంగా అంది. "మీరు అంతా 'వాడు వాడు' అని రాశారు. సండే తెలుగు స్కూల్‌లో మేధ ఆంటీ చెప్పేవారు, పెద్దవాళ్లని వాడు అనకూడదు, అది రూడ్ అని. ఈ బాస్ మీకన్నా పెద్దాయనే కదా?"

"పెద్దాయనే."

"అందుకే అన్నీ మార్చా. 'కొట్టాడు' కూడా 'కొట్టారు' చేశా. అది మాత్రం ఒక్కొక్కటి చేత్తో మార్చాలి. రెండు రోజులు పట్టింది అంకుల్, తెలుసా!"

రెండు రోజులు కూర్చుని, వాడు కొట్టిన ప్రతి దెబ్బకీ గౌరవం అతికించింది ఈ పిల్ల. మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తోంది.

"అన్నీ వెనక్కి మార్చాలమ్మా."

"అన్నీ ఒకేసారి తీసెయ్యొచ్చు. ఒక్క బటన్."

"అప్పుడు ఫోన్ రాసిన తప్పులు కూడా తిరిగొస్తాయి కదా?"

"యా... అవి కూడా వస్తాయి."

"అయితే ఒక్కొక్కటే చూద్దాం. నువ్వు పైకి చదువు. ఏది ఉంచాలో ఏది తీయాలో నేను చెప్తాను."

తప్పుల కోసమే అయితే నేనే ఇంటికి తీసుకెళ్లి ఎడమచేత్తో చేసుకునేవాణ్ణి. నాకు కావలసింది ఆ నోరు. ఆ నోటితో ప్రతి మాటా చదవాలి. పదహారేళ్లుగా నేను కోరుకున్నది అదొక్కటే. జరిగింది జరిగినట్టు ఆ పిల్ల నోటి నుంచి రావాలి.

తెర మీద పాత మాట ఎర్రగా కొట్టేసి ఉంది, దాని పక్కన కొత్త మాట పచ్చగా. పక్కనే ఒక టిక్కు, ఒక ఇంటూ. ఇంటూ నొక్కితే పాత మాట తిరిగొస్తుంది. అవని మొదలుపెట్టింది.

"'వాడు నన్ను చెంప మీద కొట్టాడు.' ఓకే. 'నేను కింద పడ్డాను. వాడు బూటు కాలితో నా డొ... డొక్కలో తన్నాడు.' డొక్క అంటే?"

"ఇక్కడ." నా పక్కటెముకల కింద చూపించాను.

"ఓ." ఇంటూ నొక్కింది.

అలా సాగింది. చిన్నపిల్లలు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. అందువల్ల దెబ్బలన్నీ నెమ్మదిగా పడ్డాయి. సాంబారులో ఉప్పు ఎక్కువైందని వాడు గరిటె కాల్చి నా మెడ వెనక పెట్టిన పేజీ చదివింది. రద్దీ రోజున పప్పు మాడిందని నన్ను కూలర్‌లో, అంటే కూరగాయలు పెట్టే చలిగదిలో, పెట్టి బయట గడియ వేసిన పేజీ చదివింది. అందులో ఉల్లిపాయ గోనెలు కప్పుకుని కూర్చున్నాను. తలుపు తీసినప్పుడు నా పెదవులు ఆడక మాట రాకపోతే, ఎగతాళి చేస్తున్నాననుకుని వాడు నా తల పట్టుకుని ఆ ఇనుప తలుపుకేసే కొట్టాడు. ముందరి పన్ను ఊడి ఉల్లిపాయల్లోకి పోయింది. వెతుక్కోనివ్వలేదు. లంచ్ టైమైందన్నాడు.

'ఆయన నా తలను తలుపుకు ఆనించారు' అని ఉంది అక్కడ.

"ఆనించారా?" అన్నాను.

"అది మిషన్ అంకుల్, ప్రామిస్." గబగబా ఇంటూ నొక్కింది. 'వాడు నా తలను తలుపుకేసి కొట్టాడు' అని వచ్చింది. దాన్ని చదివాక నీళ్లు తాగింది. "ఇది ఇండియాలో జరిగిందా?"

"ఇక్కడే. ఈ ఇల్లినాయ్‌లోనే."

"నో వే. మీరు నైన్ వన్ వన్ ఎందుకు కాల్ చెయ్యలేదు?"

"ఫోన్ వాడి దగ్గర. పాస్‌పోర్టు వాడి దగ్గర. ఇంగ్లీషు కూడా వాడి దగ్గరే ఉండేదమ్మా. నాకు 'ఎస్ సార్' తప్ప రాదు."

"అలాంటివాడిని జైల్లో పెట్టాలి అంకుల్." 'వాడు' అన్న మాట తనంతట తనే అంది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ వెనక్కి తీసుకోలేదు.

నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఇంకెన్ని పేజీలకి ఆ రోజు వస్తుందా అని. పాపం అనిపించలేదా అంటే, అనిపించింది. అయినా ఆపలేదు.

ఆ రోజు శనివారం. పక్క ఊళ్లో కొత్తగా హోటలు పెట్టినాయన ఒకడు భోజనానికి వచ్చాడు. పూరీ తిని, వంటగదిలోకి తొంగిచూసి, చాలా బాగుంది తమ్ముడూ అని నా చేతిలో తన కార్డు పెట్టి వెళ్లాడు. వాడు చూశాడు. రద్దీ తగ్గేదాకా ఏమీ అనలేదు. తగ్గాక లోపలికి వచ్చి స్టవ్ దగ్గర నిలబడ్డాడు.

అవని చదువుతోంది. "'ఏ చేత్తో తీసుకున్నావురా కార్డు అని వాడు అడిగాడు. నేను చెప్పలేదు. దొంగ నా కొడకా, ఏ చేత్తో అని మళ్లీ అడిగాడు. కుడిచేత్తో అన్నాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. సలహా కాగే నూనె...' సలహానా?"

"సలసల. ఇంటూ కొట్టు."

"'సలసల కాగే నూనె మూకుడులో నా చెయ్యి పెట్టాడు. తీయనివ్వలేదు. నేను అరుస్తుంటే నా నోట్లో గుడ్డ కుక్కాడు. నా చెయ్యి వేగిన వాసన వచ్చింది. పూరీ వాసనలాగే వచ్చింది.'"

ఆగిపోయింది. మొహం తెల్లబోయింది. కానీ నేను అనుకున్న కారణానికి కాదు.

"వియర్డ్," అంది. "మా ఇంట్లో కూడా ఒక పూరీ స్టోరీ ఉంది."

గ్లౌజుల చేతులు బల్ల కిందికి దించుకున్నాను.

"ఇలాంటిది కాదు! ఫన్నీ స్టోరీ. మా డాడ్ పార్టీలో చెప్తారు. మా రెస్టారెంట్‌లో పూరీ అంకుల్ ఉండేవాడట. నేను చిన్నప్పుడు బెలూన్ పూరీ కావాలి అని ఏడ్చానట. ఆయన తొందరగా ఇలా తిరిగి, ఫ్లోర్ మీద ఆయిల్ ఉంటే..." కుర్చీలోంచి లేచింది. తండ్రి చేసినట్టే చేసి చూపించింది. ఒక కాలు ముందుకు జారినట్టు, రెండు చేతులు గాల్లో ఆడించి, కళ్లు తేలేసి. "ఊప్స్! స్ట్రెయిట్ ఆయిల్‌లోకి. అందరూ నవ్వుతారు. ఐ మీన్, ఇట్స్ నాట్ ఫన్నీ ఫర్ హిమ్, పాపం, బట్ డాడ్ చేస్తే అలా ఉంటుంది."

పదహారేళ్లు ఈ నాటకం ఆడారన్నమాట. బిర్యానీ ప్లేట్లు చేతిలో పెట్టుకుని నవ్వారన్నమాట జనం.

"కూర్చో," అన్నాను. "తర్వాతది చదువు."

కూర్చుంది. అక్కడ మిషన్ ఏమీ మార్చలేదు. ఎర్రగీత ఒక్కటీ లేదు, ఆమె వెతికి మార్చిన 'వాడు' కూడా లేదు, 'వాడి', 'వాడిని' తప్ప. అందుకే ఆమె కళ్లు ఇంతకుముందు దాని మీద పడలేదు.

"'వంటగది గుమ్మంలో వాడి కూతురు నిలబడి ఉంది. ఆరేళ్లు. చేతిలో ప్లేటు. మొత్తం చూసింది. ఆసుపత్రిలో నర్సుకి అనుమానం వచ్చి వాడిని బయటికి పంపింది. నాకు ఇంగ్లీషు రాదు. నర్సు వంగి ఆ పిల్లని అడిగింది, ఏం జరిగింది బంగారం అని. పిల్ల అంకుల్ స్లిప్డ్ అంది. జారిపడ్డాడు అని కాగితం మీద రాసుకున్నారు. ఆరేళ్ల పిల్ల అబద్ధం చెప్పదని అందరూ నమ్మారు. ఆ పిల్ల...'"

చదవడం ఆపింది. మిగతా రెండు మాటలూ నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల అబద్ధం చెప్పింది.

గ్లౌజు తీశాను. బల్ల మీద చెయ్యి పెట్టాను.

ఆ చేతిని చూసింది. ఏడవలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని గోడకి ఆనుకుంది.

"నాకు గుర్తులేదు," అంది. "అంకుల్, ఐ స్వేర్. నాకు డాడ్ చెప్పేదే గుర్తుంది. జారడమే గుర్తుంది. నేను చూశానా?"

"చూశావు. ప్లేటు కింద పడేశావు కూడా."

ఫోన్ తీసింది. వద్దనలేదు నేను. తండ్రిని పిలిచి, వాడి నోటితో కాదనిపించుకోవాలని ఆమె ఆశ. నేనూ వాడి నోటి నుంచే వినాలనుకున్నాను. పదిహేను నిమిషాల్లో వచ్చాడు. పొడుగు కోటు, మెడలో మఫ్లరు. ఇప్పుడు వాడికి మూడు రెస్టారెంట్లు. తెలుగువాళ్ల ఫంక్షన్లలో వెనక బ్యానరు మీద బొమ్మ వేస్తారు. పేరు మోహన్. నా పుస్తకంలో రాయలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

"ఒరేయ్, బతికే ఉన్నావా?" అన్నాడు నవ్వుతూ. తలుపు మెల్లిగా వేశాడు. లైబ్రరీ కదా. "మన దగ్గర వంట చేసేవాడమ్మా. చెయ్యి మంచిదే, బుర్రే కొంచెం తిక్క. ఏమంటున్నాడు?"

"నాన్నా, డిడ్ యూ డూ దట్?" నా చెయ్యి చూపించింది.

"ఏది, ఆ కాలిందా? జారిపడ్డాడు కదా తల్లీ. నువ్వే చూశావు. నర్సుకి చెప్పింది కూడా నువ్వే. మర్చిపోయావా?"

"ఐ వాజ్ సిక్స్!"

"అదే కదా నేననేది. ఆరేళ్ల పిల్ల అబద్ధం ఎందుకు చెప్తుంది?" ఇది నన్ను చూసి అన్నాడు.

తర్వాత ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, కళ్లజోడు పెట్టుకుని, మేము ఇంకా వెనక్కి మార్చని భాగం చదివాడు. పెద్దగా నవ్వాడు. "ఆయన, గారు... ఇవన్నీ నువ్వు పెట్టావా? చూశావురా, సంస్కారం అంటే ఇదీ. అమెరికాలో పుట్టినా నా కూతురు పెద్దవాళ్లని గౌరవించడం మర్చిపోలేదు. వెనక్కి మార్చేది ఏమీ లేదు తల్లీ, ఇలాగే ఉంచు. భేషుగ్గా ఉంది."

"నాన్నా, అది లాగకు. అంకుల్‌ది అది."

"అంకుల్‌కి నేను చెప్తాలే." నా పక్కన కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, పిల్లాడికి చేసినట్టు మెల్లిగా తట్టాడు. అదే మణికట్టు. "ఎన్నైనా చెప్పు, నీలాగా పూరీ వేసేవాడు మళ్లీ దొరకలేదురా."

స్టీలు సీసా నా ఎడమచేతికి అందింది.

మొదటి దెబ్బ కళ్లజోడు మీద పడింది. అద్దం పగిలి కనుబొమలో దిగింది. రెండోది నోటి మీద కొట్టాను. పళ్లు విరిగిన చప్పుడు నాకు తెలుసు, ఒకసారి నా పన్నుదే విన్నాను. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మీద కూర్చుని మూడోది కొట్టాను, నాలుగోది కొట్టాను. సీసా మూత ఊడి నీళ్లూ రక్తమూ కలిసి కార్పెట్‌లోకి ఇంకాయి. వాడి మఫ్లరు లాగి నోట్లో కుక్కాను. అదీ మర్చిపోలేదు నేను.

అయితే వాడు ముసలివాడేమీ కాదు. కింద నుంచే మోకాలు ఎత్తి నా కడుపులో పొడిచాడు. నేను ఒరిగిపోగానే నా కుడిచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. అతుక్కున్న మూడు వేళ్లనీ గుప్పిట పట్టి వెనక్కి విరిచాడు. చర్మం పాతగుడ్డలా చీలింది. నేను అరిచిన అరుపుకి గాజు అవతల చదువుకుంటున్న పిల్లలు లేచి పరుగెత్తారు. వాడు లేచి, నోట్లోంచి మఫ్లరు పీకి, బూటు కాలు ఎత్తాడు. ఎక్కడ తన్నాలో వాడికి ఇంకా గుర్తుంది. అదే డొక్క. ఒకటి, రెండు. "లేవరా! లేవరా దొంగ నా కొడకా!" అవే మాటలు, ఆనాటివే. ఒక్క అక్షరం మారలేదు.

గోడకి ఆనుకుని నిలబడ్డ అవని అది విన్నది. ఇందాక తను పైకి చదివిన మాటలే అవి. వచ్చి తండ్రి కాలు పట్టుకుని వేలాడింది. వాడు విదిలిస్తే బల్ల అంచు తగిలి ఆమె గడ్డం చిట్లింది. అప్పుడు ఆగాడు.

పోలీసులు వచ్చారు. వాడిని పక్కగదిలో కూర్చోబెట్టి మూతికి ఐసు పెట్టారు. నన్ను గోడకి తిప్పి నిలబెట్టారు. ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా నన్ను ఎవరూ అడగలేదు. పెద్దావిడ ఒకామె, పోలీసే, అవని ముందు వంగింది. ఆరోజు ఆ నర్సు కూడా ఇలాగే వంగింది.

"వాట్ హ్యాపెన్డ్, హనీ? హూ హిట్ ఫస్ట్?"

నేను తల తిప్పి చూశాను. గడ్డం కింద రుమాలు అదిమిపెట్టుకుని నా వైపు చూసింది అవని. గాజుకి అవతల నుంచి వాడు కూడా చూస్తున్నాడు.

"అంకుల్," అంది. "అంకుల్ హిట్ ఫస్ట్. విత్ మై బాటిల్. డాడ్ అప్పటికి కొట్టలేదు, అంకుల్ చెయ్యి పట్టుకున్నారంతే." ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పింది. ఎన్ని దెబ్బలు, ఎక్కడెక్కడ, ఎవరు ఎవరిని, వరసగా చెప్పింది. తండ్రి తన్నింది చెప్పింది. బూతు కూడా ఉన్నదున్నట్టు చెప్పి దాని అర్థం వివరించింది. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. తర్వాత, పదహారేళ్ల కింద నేను ఒక నర్సుకి అబద్ధం చెప్పాను, అది కూడా రాసుకోండి అంది. ఆ పోలీసావిడ భుజం తట్టి, అది తర్వాత చూద్దాం, ముందు ఈరోజు సంగతి చెప్పమంది.

బేడీలు వేస్తుంటే నాకు నవ్వొచ్చింది. యూనిఫాం వేసుకున్న మనిషికి ఈ పిల్ల ఒక్కసారి నిజం చెప్తే చాలని కాదూ ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది? చెప్పింది. చీలిన చేతికి బేడీ సరిగ్గా పట్టక రెండుసార్లు బిగించారు.

బెయిలు మీద బయటికి వచ్చాను, కేసు నడుస్తోంది. నా మీద పెద్దది, వాడి మీద చిన్నది. వాడికి నాలుగు పళ్లు పోయాయి, ఒక కంటికి చూపు తగ్గిందట. నా గ్రీన్‌కార్డు మీద దెబ్బ పడొచ్చని లాయరు అన్నాడు. జడ్జి ముందు బాధపడుతున్నట్టు కనిపించమన్నాడు. మళ్లీ ఆ గదిలో కూర్చోబెడితే మళ్లీ కొడతానని చెప్పనా అంటే, దయచేసి నోరు మూసుకోమన్నాడు. ఆ ఇంటివాళ్లు ఎవరితోనూ మాట్లాడకూడదని కోర్టు ఆర్డరు. అవనితో కూడా.

మాట్లాడలేదు. ఆమె కూడా ఫోన్ చేయలేదు. కానీ పుస్తకం ఫైలు ఇద్దరికీ తెరుచుకుంటుంది. పోయిన వారం లాండ్రీలో బ్రేక్‌లో తెరిచి చూశాను. మొత్తం అయిపోయి ఉంది. మొదటి పేజీ నుంచీ ఒక్కొక్కటే ఇంటూ నొక్కుకుంటూ వచ్చింది. చెంప చెంపే, డొక్క డొక్కే. ఆయన, గారు ఎక్కడా లేవు. కొట్టాడు, తన్నాడు, కుక్కాడు. ఫోన్ రాసిన తప్పులు మాత్రం దిద్దినవి దిద్దినట్టే ఉంచింది. 'ఆ పిల్ల అబద్ధం చెప్పింది' అన్నదాన్ని ముట్టుకోలేదు. ఇదంతా చదువుతూ చేసిన పని. చదవకుండా చేయడానికి వీల్లేదు.

చివర కొత్త అధ్యాయం ఒకటి ఫోన్‌లోకి చెప్పి కలిపాను. లైబ్రరీలో జరిగింది. ముందు కొట్టింది నేనే అని మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆమె అంత సూటిగా చెప్పాక నేను నసిగితే బాగుండదు.

ఈబుక్‌గా పెట్టడానికి పంపబోయే ముందు మళ్లీ ఒకసారి పై నుంచి కిందికి జరిపాను. నూనె పేజీలో ఒకచోట ఎర్రా పచ్చా కనిపించింది. పాతది అనుకున్నాను. కాదు. అవని పేరుతో కొత్తగా పెట్టిన దిద్దుబాటు. 'వాడు' అన్న మాట కొట్టేసి, దాని పక్కన పచ్చగా రాసింది.

'మా నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.'

పుస్తకం నాది. అందులో 'మా నాన్న' అంటే నన్ను కన్న మా నాన్నే అవుతాడు. ఆయన ఏ పాపమూ ఎరగని మనిషి, జీవితమంతా రిక్షా తొక్కి పోయాడు. చదివేవాళ్లు తికమకపడతారు. ఇది తప్పు దిద్దుబాటని ఆమెకీ తెలుసు. తెలియకుండా పెట్టలేదు. పక్కన టిక్కు ఉంది, ఇంటూ ఉంది. వేలు రెండింటి మీదా పెట్టి తీశాను. ఇంతలో డ్రయ్యరు ఆగి కూత పెట్టింది. వెళ్లి దుప్పట్లు దింపి, మడత పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

అప్‌లోడ్ నొక్కాను. ఒక దిద్దుబాటు ఇంకా తేల్చలేదు, అయినా ఇలాగే పంపమంటారా అని అడిగింది.

పంపమన్నాను.